నిర్వచనం అప్పజెప్పమనకండి, పాఠంలో వేలు పెట్టి చూపించమనండి

మీరు అడిగింది ఇదీ: పాప నాలుగో తరగతి అయిపోయి ఐదులోకి వెళ్తోంది. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, నామవాచకం, సర్వనామం, కర్త, కర్మ, క్రియ అంటూ చదవడానికీ రాయడానికీ సంబంధించి బడిలో చెప్పిన మాటలన్నీ సెలవుల్లో ఒకసారి తిరగేయించాలి. "నామవాచకం అంటే ఏమిటి?" అని అడిగితే "పేర్లను తెలిపే పదాలను నామవాచకాలు అంటారు" అని గుక్క తిప్పుకోకుండా చెప్తుంది. పాఠం తీసి ఒక నామవాచకం చూపించమంటే మాత్రం బిక్కమొహం వేస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు చెప్పాలి?

చిన్న తరగతులకి తెలుగు చెప్పడం మొదలుపెట్టి 20 ఏళ్ళు దాటింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ముందుగా, టెన్షన్ పడకండి. మీ పాపకి తెలివీ తక్కువ కాలేదు, శ్రద్ధా తక్కువ కాలేదు. నిర్వచనం అప్పజెప్పడం ఒక పని, నాలుగు వాక్యాల మధ్య ఆ వస్తువును పట్టుకోవడం ఇంకో పని. మనం ఇన్నాళ్ళూ మొదటిదే అడుగుతూ వచ్చాం, పిల్లలూ మొదటిదే నేర్చుకున్నారు. ఈ సెలవుల్లో ఒక్క మార్పు చేయండి. "అంటే ఏమిటి?" అని అడగడం మానేసి "ఎక్కడుంది, చూపించు" అనండి.

దానికి పుస్తకాలేవీ కొనక్కర్లేదు, ఒక చిన్న పేరా చాలు. నేను వాడేవాటిలో ఒకటి ఇక్కడ రాస్తున్నాను, నాలుగే వాక్యాలు:

"తూనీగ గాలిలో ఎగురుతుంది. కానీ దాని బాల్యమంతా నీళ్ళలోనే గడుస్తుంది. గుడ్డులోంచి బయటికి వచ్చిన పిల్ల నీటిలోని చిన్న చిన్న పురుగుల్ని తింటూ పెరుగుతుంది. పెద్దయ్యాక మొక్క కాడ పట్టుకుని నీళ్ళలోంచి పైకి పాకి, పైచర్మం విడిచి, రెక్కలు ఆరబెట్టుకుని ఎగిరిపోతుంది."

దీన్ని పెద్ద అక్షరాలతో, వరసకీ వరసకీ మధ్య బాగా ఖాళీ వదిలి ఒక కాగితం మీద రాయండి. పాప చేతికి రంగు పెన్సిళ్ళు ఇవ్వండి. వారం పాటు ఈ ఒక్క పేరా చాలు. రోజుకో పాఠం తిరగేస్తే ఏదీ లోపలికి దిగదు.

అక్షరాల దగ్గరే మొదలుపెట్టండి. ఐదో తరగతి పిల్లకి ఇంకా అక్షరాలేమిటి అనుకోవద్దు. "తూనీగ"లో ఎన్ని అక్షరాలు? మూడు, ఇది అందరూ చెప్తారు. "గుడ్డు"లో ఎన్ని? ఇక్కడికొచ్చేసరికి క్లాసు రెండుగా చీలిపోతుంది. రెండు అనేవాళ్ళు కొందరు, కింద ఉన్న ఒత్తును కూడా లెక్కేసి మూడు అనేవాళ్ళు కొందరు. "తింటూ" అడిగితే సున్నను విడిగా లెక్కపెట్టి మళ్ళీ మూడంటారు. ఓసారి బోర్డు మీద "లక్ష్మి" అని రాసి అడిగాను. రెండు, మూడు, నాలుగు, అన్ని జవాబులూ వచ్చాయి. ఒకడైతే లేచి నిలబడి, "మా అక్క పేరే టీచర్, మూడు" అన్నాడు, సొంతింటి సంగతి తనకి తెలియదా అన్నంత ధీమాగా. జవాబు రెండు: ల, క్ష్మి.

దీన్ని చెవితో పట్టించండి. మాటను మెల్లగా పలుకుతూ చప్పట్లు కొట్టమనండి. "లక్ష్మి"కి రెండే చప్పట్లు పడతాయి, "తింటూ"కీ రెండే. ఒత్తు గానీ సున్న గానీ విడిగా ఒక చప్పట్టు అడగవు, పక్క అక్షరంతో కలిసే వస్తాయి. అక్షరాన్ని ఇంకా విడగొడితే వచ్చేవి వర్ణాలు. "లక్ష్మి"లో ల్, అ, క్, ష్, మ్, ఇ అని ఆరు. అక్షరమూ వర్ణమూ ఒకటే అనుకోవడం వల్లే లెక్క తప్పుతుంది. ఈ చప్పట్ల లెక్క "బస్", "పెన్" లాంటి పొల్లుతో ముగిసే మాటల దగ్గర పనిచేయదు, అక్కడ చప్పట్టు ఒకటే గానీ రాసేవి రెండు. పాప అడిగితే అది వేరే రకం అని ఒప్పేసుకోండి, దాచిపెట్టకండి.

అన్నట్టు, "తెలుగులో అక్షరాలెన్ని?" అనే ప్రశ్న పిల్లల్ని అడగకపోవడమే మంచిది. 56 అని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. చిన్నయసూరి బాలవ్యాకరణం సంస్కృతానికి 50, తెలుగుకు 36 వర్ణాలని లెక్క చెప్తుంది. ౠ, ఌ, ౡ వర్ణమాల వల్లె వేసేటప్పుడు తప్ప పిల్లల పాఠాల్లో కనిపించవు, అరసున్న పాత పుస్తకాల్లోనే ఉండిపోయింది. ఏది కలిపి ఏది వదిలేశామన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. పరీక్షకి కావాలంటే మీ పుస్తకంలో ఉన్న అంకె చెప్పి ముందుకు వెళ్ళండి.

గుణింతాల సంగతి. గుర్తుల పేర్లు మన భాషలో ఎంత చక్కగా ఉన్నాయో చూడండి: తలకట్టు, గుడి, కొమ్ము, సుడి. ఆకారం చూసి పెట్టిన పేర్లు కాబట్టి పిల్లలకి ఇట్టే అంటుకుంటాయి. కానీ "కా కి కీ" అని రాగం తీసి చెప్పగలిగిన పిల్ల ఆ గుర్తు పేరు అడిగితే తడుముకుంటుంది. పేర్లు వచ్చి తీరాలి, ఎందుకంటే తప్పు దిద్దేటప్పుడు మనకి అవే ఆధారం. "ఇది తప్పు" అంటే పిల్లకి ఏమీ తెలియదు. "గుడి పెట్టావు, గుడిదీర్ఘం కావాలి" అంటే చేయి దానంతటదే దిద్దుకుంటుంది.

ఒక్క తిరకాసు ఇక్కడ చెప్పాలి. కొమ్ము చాలా అక్షరాలకి కుడి పక్కన, పైకి తిరిగి ఉంటుంది. ప, ఫ, వ దగ్గర మాత్రం కిందనుంచి మొదలై కుడివైపుకి తిరుగుతుంది: పు, ఫు, వు. ఎందుకో పిల్లల చేతే కనిపెట్టించండి. వ రాసి, "ను"కి పెట్టినట్టు పక్కన కొమ్ము తగిలించమనండి. అది అచ్చం "మ"లా కనిపిస్తుంది! "మంచి" అని చెప్తే "వుంచి" అని రాసేవాళ్ళనీ, "నవ్వు" అని రాయబోయి చివర మకారం దింపేవాళ్ళనీ ఏటా చూస్తాను. ఆ గీత ఎక్కడ మొదలవుతుందో ఒక్కసారి చూపిస్తే చాలామందికి సరిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. మన పాఠాల్లో కొన్ని మాటలు రెండేసి ఉద్యోగాలు చేస్తున్నాయి. పెద్దవాళ్ళం అలవాటు పడిపోయి గమనించం, పిల్లలు అక్కడే బోల్తా పడతారు. మొదటి ముద్దాయి "ఒత్తు". కింద చేరే అక్షరాన్నీ ఒత్తు అంటాం, "ఒత్తు ధ", "ఒత్తు భ" అని గట్టిగా ఊపిరి వదిలి పలికే అక్షరాన్నీ ఒత్తు అంటాం. ఇక "బుద్ధి" చెప్పి రాయించండి చూద్దాం. "దకి ఒత్తు ధ ఒత్తు ఇవ్వు" అంటే పాపం ఆ పిల్ల ఏం చేస్తుంది? సగం మంది "బుద్ది" రాస్తారు, ఒకరిద్దరు "భుధి" రాసి ఊరుకుంటారు.

నేను ఈ రెంటినీ పేర్లతోనే విడదీశాను. కింద చేరేది మాత్రమే ఒత్తు. రెండోది "ఊపిరి అక్షరం". ఐదో తరగతికి మహాప్రాణం అనే అసలు పేరు కూడా చెప్పేయొచ్చు. నోటి ముందు పలచటి కాగితం ముక్క పట్టుకుని బ, భ అనిపించండి. భ అన్నప్పుడు కాగితం కదులుతుంది. ద, ధ, క, ఖ అన్నీ అలాగే. పిల్లలు ఈ ఆట ఆపమన్నా ఆపరు. నిజం చెప్పాలంటే మాట్లాడేటప్పుడు మనలో చాలామందిమి ఆ తేడా సరిగ్గా పలకం, మనం పలకనిదాన్ని పిల్లలు విని రాయలేరు. చెప్పి రాయించేటప్పుడు మీరు కొంచెం ఎక్కువ చేసి పలకండి, నవ్వొచ్చినా ఫర్వాలేదు.

ఒత్తులు పడే అక్షరాల్లో మూడు రకాలు. ఒకే హల్లుకి అదే హల్లు ఒత్తుగా చేరితే ద్విత్వం, వేరే హల్లు చేరితే సంయుక్తం, మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ హల్లులు కలిస్తే సంశ్లేషం. నిర్వచనాలు ఇంతకంటే వద్దు. తూనీగ పేరా తీసి, ద్విత్వానికి ఒక రంగు, సంయుక్తానికి ఇంకో రంగు చుట్టమనండి. ద్విత్వాలు 13 చోట్ల ఉన్నాయి, "పెద్దయ్యాక" ఒక్కదాంట్లోనే రెండు. సంయుక్తాలు నాలుగే: బాల్యమంతా, గడుస్తుంది, పురుగుల్ని, పైచర్మం. వీటిలో "పురుగుల్ని" దాదాపు ప్రతి పిల్లా దాటేస్తుంది. ఒత్తు ఉండడం చూస్తుంది, పైన ల, కింద న అని విడదీసి చూడదు. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు కాబట్టి వీటిని విడిగా ఒక కార్డు మీద రాసి గోడకి అంటించండి, తక్కినవి చూడగానే తెలిసిపోతాయి. సంశ్లేషాలు ఎన్ని అని అడగండి. ఈ పేరాలో ఒక్కటీ లేదు. "లేదు" అని ధైర్యంగా చెప్పిన పిల్లకి ఆ మాట అర్థమైనట్టే. ఆ తరవాత స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి రాసి చూపించండి.

పదం దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు గానీ, "అక్షరాల సమూహాన్ని పదం అంటారు" అనే నిర్వచనాన్ని ఒక్కసారి కుదపండి. "గచిపు" పదమా? అక్షరాల సమూహమే, అర్థం లేదు. "రా", "పో", "ఈ", "నీ" పదాలేనా? పదాలే, ఒక్కొక్క అక్షరమే ఉంది. పిల్ల తనంతట తానే "అర్థం ఉండాలి" అనే దాకా రాబట్టండి. పుస్తకంలో రాసినదాన్ని తను సరిదిద్దినట్టు అనిపిస్తే ఇక ఆ మాటను మర్చిపోదు.

భాషాభాగాలు ఐదని చెప్తాం: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. మీ పాపకి నామవాచకం దొరకకపోవడానికి ఒక కారణం ఉండొచ్చు. "పేర్లను తెలిపేవి" అనగానే పిల్లల మనసులోకి మనుషుల పేర్లే వస్తాయి. తూనీగ పేరాలో రవి లేడు, సీత లేదు, మరి నామవాచకం ఎక్కడిది? తూనీగ, గాలి, గుడ్డు, పురుగు, కాడ, రెక్కలు, చివరికి "బాల్యం" కూడా. ముట్టుకోలేనిదానికీ పేరుంటుంది అని "బాల్యం" దగ్గర ఆపి చెప్పండి. సర్వనామం ఈ పేరాలో ఒక్కటే, "దాని". అది తీసేసి "తూనీగ బాల్యమంతా" అని చదివించండి. తరవాత పేరాలో ఎక్కడెక్కడ కుదిరితే అక్కడల్లా "తూనీగ" అని చొప్పించి చదవమనండి. విసుగొచ్చేస్తుంది. సర్వనామం ఎందుకుందో ఆ విసుగే చెప్తుంది. విశేషణం "చిన్న చిన్న". అవ్యయాన్ని ఈ వయసులో "కానీ", "మరియు", "అయ్యో" లాంటి రెండు మూడు మాటలతో సరిపెట్టండి, వాటికి లింగ వచన విభక్తులు ఉండవన్న సంగతి పెద్ద తరగతుల్లో చూసుకోవచ్చు.

కర్త, కర్మ, క్రియ. ఇక్కడ మాత్రం తీరిగ్గా కూర్చోవాలి, ఎందుకంటే పిల్లలకి మనం చెప్పే అడ్డదారులు కొన్ని అసలు దారి తప్పిస్తాయి. మొదటిది, "క్రియ" కూడా రెండు చోట్ల పనిచేసే మాటే. భాషాభాగాల్లో ఒకసారి, వాక్యంలో ఒకసారి వస్తుంది. పిల్లలకి ఇది రెండు వేరువేరు విషయాల్లా కనిపిస్తుంది. ఒకే మనిషి ఇంట్లో అక్క, క్లాసులో లీడర్ అయినట్టు అని చెప్పి వదిలేయండి.

రెండోది, "ప్రతి వాక్యంలో క్రియ ఉంటుంది" అనే మాట. తెలుగుకి ఇది వర్తించదు. "ఇది నా పుస్తకం." "మా అన్నయ్య డాక్టర్." వీటిలో క్రియ ఏది? లేదు. ఇవి క్రియారహిత వాక్యాలు, మనం రోజూ వందసార్లు మాట్లాడేవే. క్రియ ఉండి తీరాలని పట్టుబడితే పిల్ల ఏదో ఒకటి చూపించాలి కాబట్టి "డాక్టర్" కింద గీత గీస్తుంది. దాన్ని తప్పు కొడతాం. ఆ తప్పు మనం నేర్పిందే.

మూడోది, "ని, ను ఉన్నదే కర్మ" అనే సూత్రం. పేరాలో మూడో వాక్యం చూడండి, "పురుగుల్ని తింటూ". ఏమిటి తింటూ? పురుగుల్ని. కర్మ దొరికింది, "ని" కూడా ఉంది. నాలుగో వాక్యంలో "పైచర్మం విడిచి", "రెక్కలు ఆరబెట్టుకుని". దేన్ని విడిచి? పైచర్మాన్ని. వేటిని ఆరబెట్టుకుని? రెక్కల్ని. అవీ కర్మలే, "ని" ఎక్కడా లేదు. ప్రాణం లేనివాటి విషయంలో తెలుగు ఆ "ని"ని సులువుగా వదిలేస్తుంది. "పుస్తకం చదివాను" అంటాం, "అన్నయ్య పిలిచాను" అనం, "అన్నయ్యని పిలిచాను" అనే అంటాం. కాబట్టి ప్రత్యయం కోసం వెతకమనకండి, ప్రశ్న వేయించండి. ఎవరు? ఏం చేశారు? దేన్ని?

ఇక నాలుగో వాక్యంలో కర్త ఎవరు? "పెద్దయ్యాక మొక్క కాడ పట్టుకుని... ఎగిరిపోతుంది." ఎవరు ఎగిరిపోతుంది? వాక్యంలో ఎక్కడా లేదు. ముందు వాక్యంలోని "పిల్ల" ఇక్కడ కనబడకుండా కూర్చుంది. తెలుగులో క్రియ చివరే మనిషి జాడ ఉంటుంది కాబట్టి కర్తను హాయిగా వదిలేస్తాం. "హోంవర్క్ రాశావా?" అంటే "నువ్వు" అని వేరే చెప్పక్కర్లేదు. నేను పిల్లలకి దీన్ని దాగుడుమూతల కర్త అని చెప్తాను. పుస్తకం భాషలో ఆ పేరు లేదు, మీరు వాడుకోవచ్చు.

అదే వాక్యంలో పట్టుకుని, పాకి, విడిచి, ఆరబెట్టుకుని అని నాలుగు పనులున్నాయి, ఏదీ పూర్తయినట్టు అనిపించదు. "పైకి పాకి..." అని అక్కడ ఆపేయండి, పిల్ల మీ వంక చూస్తూ ఉండిపోతుంది, తరవాతేమిటని. అవి అసమాపక క్రియలు. "ఎగిరిపోతుంది" దగ్గర ఊపిరి పీల్చుకుంటుంది, అది సమాపకం. ఇంతే. పిల్లలు రాసే కథల్లో ఈ "వెళ్ళి, చూసి, వచ్చి, పడుకుని" గొలుసు ఒక పేజీ దాకా సాగుతుంది. సమాపక క్రియ అనే మాట తెలిస్తే "ఇక్కడొకటి పెట్టి ఫుల్‌స్టాప్ కొట్టు" అని చెప్పడానికి మీకు వీలవుతుంది.

రెండు ఉద్యోగాల మాటల్లో ఇంకో రెండు మిగిలాయి. "వికృతి" అంటే ఏమిటని అడిగితే "అసహ్యంగా ఉండేది" అని చెప్పిన పిల్లలున్నారు, ప్రకృతి అంటే చెట్లు, కొండలు. తప్పనలేం, బయట ఆ అర్థాలే వింటారు. సంస్కృతం నుంచి వచ్చిన మాట మన నోట్లో పడి రూపం మారితే ఆ మారినది వికృతి, అసలుది ప్రకృతి. రాత్రి, రాతిరి. అగ్ని, అగ్గి. ముఖం, మొగం. పెద్దవాళ్ళ మాటల్లో "రాతిరి" వినపడినప్పుడల్లా పట్టుకోమనండి, పట్టిక బట్టీ పట్టించేకంటే అది మేలు.

రెండోది "ప్రథమ పురుష". ఇందులో నాకే దెబ్బ తగిలింది. ఒకబ్బాయి "నేను" ఎదురుగా ప్రథమ పురుష అని రాస్తే ఎర్రపెన్నుతో కొట్టేశాను. మర్నాడు ఇంగ్లీషు నోట్‌బుక్ పట్టుకొచ్చాడు. అందులో "ఐ" ఫస్ట్ పర్సన్ అని టిక్కు పడి ఉంది. "ప్రథమ అంటే ఫస్టే కదా టీచర్?" అన్నాడు. వాడి లెక్క వాడికి సరిగ్గానే ఉంది. సంస్కృత వ్యాకరణం నుంచి వచ్చిన మన వరుస వాడు, ఆమె, అది దగ్గర మొదలవుతుంది, అందుకే అవి ప్రథమ పురుష. నువ్వు, మీరు మధ్యమ. నేను, మేము, మనం ఉత్తమ. ఇంగ్లీషు వరుస అటువైపు నుంచి మొదలవుతుంది. రెండు భాషలూ చదివే పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పేస్తే గొడవ ఉండదు. ఆ అబ్బాయికి మార్కు వెనక్కి ఇవ్వలేదు గానీ క్లాసు ముందు క్షమాపణ చెప్పాను.

వచనాలు, వ్యతిరేక పదాలు, పర్యాయపదాలు పిల్లలకి పెద్దగా ఇబ్బంది పెట్టవు, ఆటలాగా నడిచిపోతాయి. పర్యాయపదానికీ నానార్థానికీ తేడా మాత్రం ఒకసారి సరిచూడండి. ఒకే వస్తువుకి పేర్లు చాలా ఉంటే పర్యాయపదాలు: సూర్యుడు, రవి, భానుడు. ఒకే మాటకి అర్థాలు చాలా ఉంటే నానార్థాలు: కరం అంటే చేయి, కిరణం, పన్ను, ఏనుగు తొండం. గుడి, కొమ్ము, సున్న అనే మాటలకి ఎన్నెన్ని అర్థాలున్నాయని అడిగితే పిల్లలే నానార్థాలు దొరకబుచ్చుకుంటారు.

విరామ చిహ్నాల్లో ఫుల్‌స్టాప్, ప్రశ్నార్థకం వస్తాయి. కామా ఎక్కడ పెట్టాలో తెలియక ప్రతి మాటకీ పెడతారు, బిగ్గరగా చదివి ఆగినచోట పెట్టమంటే కొంత సర్దుకుంటుంది. కొటేషన్ గుర్తులకి మన భాషలో మంచి ఆసరా ఉంది: "అని". "రేపు వస్తాను" అని చెప్పాడు. ఎవరో అన్న మాట ముగిసిందనడానికి "అని" దండోరా వేస్తుంది. దాని ముందు ఆగి, మాట ఎక్కడ మొదలైందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళమనండి. కొటేషన్ గుర్తులు రెండూ చోటు చేసుకుంటాయి.

చదివి అర్థం చేసుకోవడానికి సంబంధించిన మాటలు మీరు రాయలేదు గానీ, ఐదో తరగతిలో అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. శీర్షిక, ముఖ్యమైన విషయం, సారాంశం, నీతి. ఈ నాలుగూ పిల్లలకి ఒకే ముద్ద. తూనీగ పేరా ఇచ్చి "ముఖ్యమైన విషయం రాయండి" అంటే "కష్టపడితే మనం కూడా ఎగరగలం" అని రాసినవాళ్ళున్నారు. నవ్వకండి, వాళ్ళు ఇంతదాకా చదివిన ప్రతి కథ చివరా నీతి ఉంది. ఈ పేరాకి నీతి లేదు. ఇది సమాచారం. ముఖ్యమైన విషయం, తూనీగ చిన్నప్పుడు నీళ్ళలో బతుకుతుందని. శీర్షిక "నీళ్ళలో బాల్యం" కావచ్చు, ఇంకా మంచిది పాపే పెట్టొచ్చు. సారాంశం అంటే చూడకుండా రెండు వాక్యాల్లో చెప్పడం. కాగితం బోర్లించి, తూనీగ గురించి తెలియని మనిషికి ఫోన్‌లో చెప్తున్నట్టు చెప్పమనండి. మూడో వాక్యం దాటిందంటే సారాంశం కాదు, మళ్ళీ పేరానే అప్పజెప్తోంది.

రాయడం విషయానికొస్తే, చూచిరాత చేతికి, ఉక్తలేఖనం (చెప్తుంటే విని రాయడం) చెవికి. రెండూ కావాలి. అయితే ఉక్తలేఖనం దిద్దేటప్పుడు మీరు దిద్దకండి. పక్కన సరైన ప్రతి పెట్టి పాప చేతే దిద్దించండి, ప్రతి తప్పు పక్కనా దాని పేరు రాయించండి: దీర్ఘం పోయింది, ఒత్తు మారింది, సున్న మర్చిపోయాను, ఊపిరి అక్షరం రాయలేదు. వారం చివర ఏ పేరు ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టమనండి. ఒకమ్మాయి అలా లెక్కేసుకుని, "నాకు స్పెల్లింగ్ రాదు అనుకున్నాను టీచర్, నాకు రానిది దీర్ఘాలే" అంది. మొత్తం రాదనుకోవడానికీ ఒక్కటే రాదనుకోవడానికీ మధ్య ఆ పిల్ల మొహంలో తేడా నేను చూశాను. దీర్ఘం అనే మాట తెలియకపోతే ఆమె ఆ సంగతి తనకి తాను చెప్పుకోలేకపోయేది.

ఎంతవరకు చెప్పాలన్నారు. సంధులు, సమాసాలు, ఛందస్సు ఇప్పుడు ముట్టుకోవద్దు. రోజుకి పావుగంట చాలు, అందులో రెండు మాటలకి మించి తీయకండి. ముందురోజు మాటల్ని కొత్త పేరాలో వెతికించడంతో మొదలుపెట్టండి. ఒక్కసారి దొరికిందంటే వచ్చేసినట్టు కాదు, మూడు వేరువేరు పేరాల్లో దొరకాలి. తూనీగ పేరా అయ్యాక పాపకి ఇష్టమైన కథలోంచి నాలుగు వాక్యాలు తీసుకోండి, ఆ తరవాత తను రాసిన నాలుగు వాక్యాలే తీసుకోండి. సొంత రాతలో విశేషణం వెతికి, "ఒక్కటీ పెట్టలేదమ్మా" అని తనే అనుకుని, వెళ్ళి ఒకటి చేర్చే రోజు వస్తుంది.

నిర్వచనాలు పరీక్షలో అడుగుతారు కదా అని మీకు అనుమానం రావచ్చు. అడుగుతారు. బడి తెరిచే ముందు వారం అవి ఒక్కసారి చదివించండి. అప్పటికి ఆ మాటలన్నీ తను వేలు పెట్టి చూపించినవే కాబట్టి రెండు రోజుల పనే. పుస్తకంలో ఉన్న వాక్యానికీ తనకి తెలిసినదానికీ ఎక్కడైనా పొసగకపోతే, ఉదాహరణకి "ప్రతి వాక్యంలో క్రియ ఉంటుంది" దగ్గర, పరీక్షలో పుస్తకం ప్రకారమే రాయమనండి, నోట్‌బుక్ చివరి పేజీలో మాత్రం "మా అన్నయ్య డాక్టర్" అని రాసి ఉంచుకోమనండి.